కరియమేడు అని రాసిన గొట్టాలు

సుబ్బరాయలు మామ మంచివాడని మా పేట గోరిమేడులో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ కాదనను. కానీ మంచివాడు తప్పు చేస్తే మనవాళ్ళు దాన్ని తప్పనరు, తలరాత అంటారు. నాకు ఆ అలవాటు లేదు. మా ఇంట్లో నాకు నోటి దురుసు ఎక్కువని పేరు, ఉండనివ్వండి. ఆయన సంగతి మొహమాటం లేకుండా చెప్పగలిగినదాన్ని నేనే కాబట్టి నేనే రాస్తున్నాను. ఆయన చదివింది తమిళ బడి, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. మా అమ్మ చిత్తూరు నుంచి కోడలిగా వచ్చి నాకు బలవంతంగా అక్షరాలు దిద్దించింది కాబట్టి నాకు వచ్చింది.

ఆయన పుట్టింది ఇలుప్పంపట్టులో. మేముండే పట్టణం నుంచి పడమరగా బస్సులో ముప్పావు గంట. ఊళ్ళో సగం ఇళ్ళు ఎన్ని తరాల కిందటో వచ్చి పొలాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళవి. నాలుగేళ్ళప్పుడే తల్లి పోతే, తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్క మరగతం ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది. ఆమెను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. పిల్లలు కలగలేదు, భర్త తొందరగా పోయాడు. యాభై దాటిన మనిషిని కూడా తిన్నావా, తలకు నూనె పెట్టుకున్నావా అని అడిగేది. ప్రతి ఆదివారం ఆయన బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళి, ఆమె పెట్టింది తిని, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడు. ఒక్క ఆదివారమైనా ఇంట్లో ఉంటాడని ఆయన భార్య ఎదురుచూసింది గానీ, ఆయన ఒక్కటీ తప్పలేదు.

పద్దెనిమిదేళ్ళకు పట్టణం వచ్చి, దోమల మీద పరిశోధన చేసే ఒక లాబ్‌లో చేరాడు. సాయంత్రం కాగానే పంచె మోకాళ్ళ పైకి కట్టి, పశువుల పాకల దగ్గర కూర్చుని, కాలి మీద వాలిన దోమను కుట్టకముందే గాజు గొట్టంతో నోటితో పీల్చి పట్టడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని. నేను 2003లో ఆ లాబ్‌లోనే టెక్నీషియన్‌గా చేరినప్పుడు నన్ను చూసి, ఇంటి భాష వినగానే, మనోళ్ళ పిల్లే అని మురిసిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు మామ, నేను ఆయనకు పాప.

మరుసటి ఏడు పై నుంచి గబ్బిలాల పని వచ్చింది. వేరే దేశాల్లో గబ్బిలాల నుంచి మనుషులకు పాకిన జ్వరాలు ఊళ్ళను ఊడ్చేస్తున్నాయనీ, మన వైపు గబ్బిలాల్లో ఏముందో చూడాలనీ మా పెద్ద డాక్టరు రఘునాథన్ గారికి ఆదేశం. దోమలు పట్టే మనిషికి గబ్బిలాలు పట్టడం ఎంతసేపు అని ఆయన సుబ్బరాయలు మామను పంపారు. నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు తెల్లవారుజామున చెట్టుకు తిరిగొచ్చే దారిలో వెదురుబొంగుల మధ్య సన్నటి వల కట్టేవాడు. చిక్కినదాన్ని తోలు గ్లవ్స్‌తో విడిపించి, పాత దిండు గలీబులో వేసి, రెక్క కింది నరం నుంచి కాస్త నెత్తురు, గొంతులోంచి దూది పుల్లతో కాస్త తడి తీసి, దాని నోటికి అరటిపండు రసం తాకించి వదిలేసేవాడు. గొట్టానికి ప్లాస్టరు చుట్టి, దాని మీద ఊరి పేరు, నంబరు, తారీకు పెన్సిలుతో తమిళంలో రాసేవాడు. దస్తూరీ ముత్యాల్లాగా ఉండేది.

ఆ గొట్టాలు వేరే ఊళ్ళోని పెద్ద లాబ్‌కు పోయేవి. అక్కడ వైరస్ దొరికితే దాని జన్యువుల్లోని అక్షరాలు చదివి పంపేవాళ్ళు. వైరస్ తనను తాను ఎత్తి రాసుకుంటుంది. రాసుకునేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు పోతుంది. ఆ తప్పు దాని పిల్లలకు, వాటి పిల్లలకు వస్తుంది. ఎవరిలో ఏ తప్పు ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే ఏది దేనికి పుట్టిందో తెలుస్తుంది. అలా వంశవృక్షం గీయడం నా పని. మామకు అర్థమయ్యేలా చెప్పాలని, మనం పేరు ముందు నాన్న పేరు ఇనిషియల్ పెట్టుకుంటాం కదా, వైరస్ కూడా అంతేనని చెప్పాను. ఆయన తల ఊపి, అయితే దానికి ఊరి పేరు కూడా ఉంటుందా అని అడిగాడు. వైరస్ మీద ఉండదు మామా, మీరు గొట్టం మీద రాసిందే దాని ఊరు అన్నాను. అప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను చూడలేదు. చూసి ఉండాల్సింది.

ఎందుకంటే అప్పటికే ఆయన అబద్ధం రాసి ఉన్నాడు.

జరిగింది ఇదీ. ఇలుప్పంపట్టు చివర మునీశ్వరుడి తోపు ఉంది, అన్నీ ఇప్ప చెట్లు. వాటి నిండా గబ్బిలాలు. అవి స్వామి పిల్లలని ఊరి నమ్మకం. దీపావళికి ఆ ఊళ్ళో ఒక్క టపాకాయ పేలదు. చిత్తిరై నెలలో, అంటే ఏప్రిల్ ఎండల్లో, స్వామికి పొద్దున్నే దించిన తాటినీరు నైవేద్యం పెడతారు, సున్నం పూయని ముంతలోది, తియ్యగా ఉంటుంది. రాత్రి ఏ ముంతకైనా గబ్బిలం మూతి పెట్టిన గుర్తు కనబడితే అది స్వామి ఎంగిలి. దాన్ని పారబోయరు. అందరికీ తలా గుక్కెడు పంచుతారు, నీరసంగా ఉన్నవాళ్ళకు రెండు గుక్కలు.

2005 మాసి నెలలో, ఫిబ్రవరి చివర, ఆ తోపులో వల కట్టడానికి మామ ఊరి పెద్ద చిన్నదురైని అడిగాడు. చిన్నదురై ఆయనకు పెదనాన్న కొడుకు, అన్న వరస. పాడు మనిషి కాదు. ఆయన భయం వేరు. తోపు పేరు సర్కారు కాగితాల్లో ఎక్కితే, రేపు గబ్బిలాల్లో ఏదో రోగముందని చెట్లు కొట్టేస్తారని ఆయన భయం. అది పిచ్చి భయమని నేను అనను, ఆ తర్వాత జరిగింది చూశాక అసలు అనలేను. వల కట్టుకో, నెత్తురు తీసుకో, కానీ ఊరి పేరు ఎక్కడా రాయనని సత్యం చెయ్యి అన్నాడు. మా వైపు సత్యం చెయ్యడమంటే ఉత్త మాట కాదు. స్వామి ముందు కర్పూరం, మా మాటలో సూడం, వెలిగించి, మండుతున్నదాన్ని అరచేత్తో ఆర్పాలి. కర్పూరం ఆర్పి చేసిన సత్యం తప్పితే నెత్తురు పంచుకున్న మనిషి పోతుందంటారు. మామ ఆర్పాడు.

ఊరి పేరు లేని గొట్టాన్ని లాబ్ తీసుకోదు. అందుకని ఇలుప్పంపట్టులో తీసిన ముప్పై ఏడు గొట్టాల మీద ఆయన కరియమేడు అని రాశాడు. కరియమేడు దక్షిణాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడా గబ్బిలాల చెట్లున్నాయి, అక్కడా ఆయన వల కట్టాడు. ఎగిరే ప్రాణికి ఊరేమిటి, ఈ రాత్రి ఇక్కడ, రేపు అక్కడ అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడట.

వాటిలో ఆరు గొట్టాల్లో వైరస్ దొరికింది. కరియమేడు పేరు మీద వచ్చిన వైరస్‌లు రెండు రకాలుగా విడిపోయి ఉండటం నేను గమనించాను. ఒకే చెట్టు మీది గబ్బిలాల్లో ఇంత తేడా ఏమిటని రఘునాథన్ గారిని అడిగితే, గబ్బిలాలు ఎగురుతాయి జయంతీ అన్నారు. మామను అడిగి ఉంటే సరిపోయేది. మామ దస్తూరీ చూసి ఎవరైనా అనుమానపడతారా? నేనూ పడలేదు. ఈ కథలో నా వాటా అది.

2006 మార్చిలో, వైతికుప్పం నుంచి బుట్టలో చేపలు పెట్టుకుని పడమటి ఊళ్ళు తిరిగి అమ్మే ఒకామె జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. రెండో రోజుకు మనుషుల్ని గుర్తుపట్టలేదు. అయిదో రోజు పోయింది. ఆమెకు సేవ చేసిన భర్త ఆ తర్వాత పది రోజులకు అలాగే పోయాడు. ఆమె ఏ ఊళ్ళో ఏం తిన్నదో, ఏం తాగిందో చెప్పే మనిషే లేకుండా పోయాడు. ఆమె తిరిగే ఊళ్ళు పద్నాలుగు. ఇలుప్పంపట్టు ఉంది, కరియమేడు ఉంది.

ఏప్రిల్ ఇరవయ్యో తారీకున ఆమె వైరస్ అక్షరాలు వచ్చాయి. నా దగ్గరున్న గబ్బిలాల వైరస్‌లతో పోల్చాను. ఆ ఆరు గొట్టాలతో దాదాపు అక్షరం తేడా లేకుండా కలిసింది. కరియమేడు అని నేనే చెప్పాను. చెబుతున్నప్పుడు గర్వంగా కూడా ఉంది, ఆ మాట దాచను.

రెండో రోజుకే సర్కారు మనుషులు కరియమేడు మీద పడ్డారు. గబ్బిలాలు వాలిన చెట్లు నరికారు. డబ్బాల్లో టపాకాయలు పేల్చి వాటిని తరిమారు. తాటిచెట్లకు కట్టిన ముంతలన్నీ పగలగొట్టి, ఆ సీజనంతా గీత గీయకూడదన్నారు. చెల్లప్పన్ అని అరవై ఏళ్ళ గీత కార్మికుడు, తన చెట్ల కింద పెంకుల మధ్య కూర్చుని ఏడుస్తుంటే మామ చూశాడు. మా జీపులో ఆయనా వెళ్ళాడు మరి. మా ఊళ్ళో ఒక్కరికీ జ్వరం రాలేదే, మేమేం చేశాం అని చెల్లప్పన్ అందరినీ అడుగుతున్నాడట. మామ జీపు దిగలేదు.

మరునాడు, ఆదివారం, ఆయన ఇలుప్పంపట్టు వెళ్ళాడు. నేరుగా చిన్నదురై ఇంటికి పోయి, ప్రమాణం నుంచి విడిపించమని అడిగాడు. ఈ మాటలు ఆయన తర్వాత నాకు ఎన్నిసార్లో చెప్పాడు, అందుకని బాగా గుర్తు.

"అన్నా, ఆ రోగం ఈడిదే. నేను చెప్పేస్తా. ముంతలకు మూత కట్టిస్తే చాలు, చెట్లు కొట్టొద్దని నేను కాళ్ళు పట్టుకోనన్నా అడుగుతా."

"కరియమేట్లో కొట్టలేదా? వాళ్ళు ఎవురి కాళ్ళు పట్టుకోలేదంటావా?" అన్నాడు చిన్నదురై. "సామి ముందర సూడం ఆర్పితివి సుబ్బూ. నీకు తోడబుట్టింది ఒక్క అక్క. చూసుకో."

ఆ మాటతో మామ లేచి వచ్చేశాడు. ఆయన పదోక్లాసు దాకా చదివాడు. వైరస్ ఎలా పాకుతుందో నాకంటే ముందు వల దగ్గర చూశాడు. అయినా ఒక పక్క వైరస్, ఇంకో పక్క ఆరిన కర్పూరం పెడితే ఆయన చెయ్యి కర్పూరం వైపే పోయింది. నోరు విప్పితే అక్క పోతుంది, విప్పకపోతే ఊరు ఏమవుతుందో తెలియదు. తెలియనిదాన్ని దేవుడికి వదిలి, అక్కను తాను పట్టుకున్నాడు.

అక్కకు మాత్రం చెప్పాడు. కారణం చెప్పకుండా, ఈ ఏడు స్వామి ఎంగిలి ముట్టుకోవద్దు, నీ ఒంటికి పడదని డాక్టరు చెప్పాడని తన తల మీద చెయ్యి పెట్టించుకున్నాడు. మరగతం నవ్వి, నన్ను ఏ డాక్టరు చూశాడురా అన్నదట. కానీ తమ్ముడి మాట తీసెయ్యలేదు. ఇరవయ్యారో తారీకు నైవేద్యం రోజున గుక్కెడు కూడా తాగలేదు. ఆ సంగతి తెలిసి మామ ఊపిరి పీల్చుకున్నాడు. లాబ్‌లో ఆ వారం మాకు వడలు కూడా కొనిపెట్టాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వడల మీద కూడా నాకు కోపం వస్తుంది.

చిన్నదురై భార్య అంబుజం తాగింది. ఉపవాసం ఉన్న మనిషని ఆమెకు రెండు గుక్కలు పోశారు. మే రెండున జ్వరం వచ్చింది. ఎండ దెబ్బ అనుకున్నారు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా మంచం పక్కన కూర్చునేది మరగతమే. పిల్లలు లేని మనిషి, ఊరందరికీ అత్తే. అంబుజానికి దగ్గు వస్తే తన కొంగుతో తుడిచింది, తల ఒళ్ళో పెట్టుకుని గంజి పట్టింది. అంబుజం ఎనిమిదో తారీకున పోతే ఒళ్ళు కడిగిందీ ఆమే. అదే వారం తాటినీరు తాగిన ఇంకో ముగ్గురు పోయారు. అవీ ఎండ దెబ్బలేనని ఊరు బయటికి చెప్పలేదు, తెలిసిన మామ అప్పటికీ నోరు విప్పలేదు.

మామ అక్కను ముంత దగ్గరికి పోవద్దన్నాడు. మంచం దగ్గరికి పోవద్దనలేదు. ఆయనకు గబ్బిలం గుర్తుంది, ముంత గుర్తుంది. చేపలమ్మే ఆమె భర్త ఎలా పోయాడో ఆయనకు తెలుసు, కానీ అది తన అక్క దాకా వస్తుందని తోచలేదు.

మే పదహారున మరగతానికి జ్వరం వచ్చింది. పదిహేడున ఆమెను ఆసుపత్రిలో చేర్చి, అక్కడి నుంచి నేరుగా లాబ్‌కు వచ్చి, నా బల్ల ముందు నిలబడ్డాడు. "పాపా, కరియమేడు కాదు. మా ఊరు," అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఫ్రీజరు తెరిపించి, ఆ ముప్పై ఏడు గొట్టాలనూ వేరు చేసి చూపించాడు. ఏ గొట్టం ఏదో ఆయనకు నంబరుతో సహా గుర్తుంది. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయను. పెద్దవాణ్ణి అనకూడని మాటలే అన్నాను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

ఆ సాయంత్రమే ఇలుప్పంపట్టుకు మనుషులు వెళ్ళారు. ముంతలకు వెదురు తడికలు కట్టించారు, జ్వరం వచ్చినవాళ్ళను విడిగా ఉంచారు. కరియమేడులో చెట్లు కొట్టి గబ్బిలాలను చెదరగొట్టడం తప్పేనని రఘునాథన్ గారు అప్పటికి ఒప్పుకున్నారు కాబట్టి తోపు జోలికి మాత్రం పోలేదు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఒక్క చావు కూడా జరగలేదు. ఒక పేరు సరిగ్గా రాస్తే అంత పని జరిగింది.

మరగతం ఇరవై ఒకటిన పోయింది. చివరి రెండు రోజులూ తమ్ముణ్ణి గుర్తుపట్టలేదు. గాజు తలుపు బయట నుంచి చూడటమే తప్ప ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ప్రమాణం తప్పినందుకే ఆమె పోయిందని ఊరు అన్నది. జ్వరం పదహారున వచ్చింది, సత్యం తప్పింది పదిహేడున అని నేను ఎంతమందికి చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. పదహారో రోజు కర్మకు ఆయన్ని ఊళ్ళోకి రానివ్వలేదు. బస్సు దిగిన చోటి నుంచే తిరిగి వచ్చాడు.

జూలైలో అంబుజం, మరగతం వైరస్‌ల అక్షరాలు వచ్చాయి. నేను గీస్తుంటే మామ వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని, మా అక్క యాడుంది చూపించు అన్నాడు. రఘునాథన్ గారు నన్ను పక్కకు పిలిచి, గబ్బిలాలు ఎగురుతాయి, ఏదీ ఖచ్చితంగా చెప్పలేమని సర్దిచెప్పమన్నారు. ఆయన దయగల మనిషి. నాకు ఆ దయ చేతకాలేదు. ఒకసారి దాచినందుకే ఇంత జరిగింది, మళ్ళీ నేనొకటి దాచనా?

చూపించాను. తోపులోని గబ్బిలం నుంచి అంబుజానికి వచ్చేసరికి ఒక అక్షరం మారింది. మరగతంలో ఆ మారిన అక్షరమే ఉంది, దాని మీద ఇంకొకటి మారింది. అంటే ఆమెకు వచ్చింది గబ్బిలం నుంచి కాదు, అంబుజం నుంచి. ఆయన వేలితో ఆ గీతను మెల్లగా పైకి, కిందికి తడిమాడు.

"వదిన తాగింది ఇరవయ్యారు. నాకు తెలిసింది ఇరవై రెండు," అన్నాడు. "ఆ పొద్దే నీకు చెప్పి ఉంటే అక్క ఉండునా పాపా?"

"ఉండేది మామా."

"వదిన?"

"ఆమె కూడా. ఆ ముగ్గురు కూడా."

ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. లేచి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"చిన్నదురై అన్నకు మాత్రం ఈ తారీకులు చెప్పబాకు. ఇరవై మూడున నేను అడిగేదానికి పోతే ఆయప్ప ఒద్దన్నాడు. పెండ్లాం పోయిందీ ఆయప్పకే. తెలిస్తే తట్టుకోలేడు. అంతా నా వల్లే అని అనుకోనీ."

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ దాపరికమా అని అరవబోయాను. అరవలేకపోయాను. ఆ కాగితం మడిచి నా సొరుగులో పెట్టాను.

మామ 2007లో రిటైరై, మరుసటి వానాకాలంలో గుండె నొప్పితో పోయాడు. ఇలుప్పంపట్టు నుంచి ఒక్కరూ రాలేదు. చిన్నదురై మూడేళ్ళు, కనిపించిన వాళ్ళందరికీ సత్యం తప్పిన సుబ్బరాయలే తన భార్యను మింగాడని చెప్పుకుంటూ తిరిగాడు. వీరాంపట్టినం జాతరలో ఒకసారి నాకే ఎదురుపడి, నా మొహం మీదే అన్నాడు. నేను విన్నాను, అవునండీ అన్నాను, ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఈ ఏడు తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, నిద్రలో, ఏ నొప్పీ లేకుండా ఆయన కూడా పోయాడు. అందుకని ఇప్పుడు రాశాను.